ఒకే గుత్తిలో మూడు రంగులు!

ఎస్టర్‌డే టుడే టుమారో అని నర్సరీ వాళ్లు పిలిచే పూలపొద మీకు ముందే తెలిసుంటే, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదో ముందు జవాబు చెప్పండి. మందారాల్లో రకాల గురించి గంటల తరబడి మాట్లాడుకున్నాం. ఎడారి గులాబీకి అంటు ఎలా కట్టాలో, బోగన్‌విలియాని ఎన్నాళ్లు ఎండగడితే బాగా పూస్తుందో వాట్సాప్ గ్రూపుల్లో తగవులు పడ్డాం. ఈ మొక్క సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు!

నడుమెత్తు పొద. ఆకు కనబడనంతగా పూలు. కొన్ని చిక్కటి ఊదా, కొన్ని లేత ఊదా, కొన్ని తెలుపు. అంటు కట్టింది కాదు, మూడు మొక్కలు ఒకే గుంతలో పెట్టిందీ కాదు. ఒకే వేరు, ఒకే కాండం. ఆ మాటకొస్తే ఒకే కొమ్మ చివర, ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉన్నాయి. సైనిక్‌పురిలో మా పిన్నివాళ్ల కాంపౌండు గోడ పక్కన చూశాను దీన్ని, మార్చి నెలలో. "ఏంటి పిన్నీ ఇది?" అంటే ఆవిడ బట్టలు ఆరేస్తూనే, "అదా, రంగులు మారే పువ్వు. ఇల్లు కట్టినప్పుడు మీ బాబాయి తెచ్చి పెట్టాడు. ఇదిగో, ఇది పొద్దున విచ్చింది. ఇది నిన్నటిది. ఆ తెల్లది మొన్నటిది. ఏటా ఇంతే, ఇందులో వింతేముందే!" అంది.

వింతేముందా? ఆ గుత్తి మొత్తం ఒక క్యాలెండరు కదా పిన్నీ!

శాస్త్రీయ నామం బ్రన్‌ఫెల్సియా పౌసిఫ్లోరా. పాత తోటపని పుస్తకాల్లో బ్రన్‌ఫెల్సియా కాలిసినా అని ఉంటుంది. రెండూ ఒకటే. బాగా పెరిగితే మనిషెత్తు దాటుతుంది కానీ తొందరేమీ లేని మొక్క, కుండీలో అయితే ఏళ్ల తరబడి నడుం దగ్గరే ఉంటుంది. ఆకులు కొమ్మకి ఒకటి విడిచి ఒకటి వస్తాయి. మామిడాకు కంటే పొట్టిగా, కొంచెం దళసరిగా, పైన నిగనిగలాడే ముదురాకుపచ్చ, అడుగున పాలిపోయిన పచ్చ. ముల్లు లేదు, పాలు కారవు. పూత లేని రోజుల్లో ఎవరూ దాని వంక చూడరు. ఆ మాట నిజమే.

పువ్వు దగ్గరికొద్దాం. కింద ఆకుపచ్చ గొట్టంలా రక్షకపత్రాలు. అందులోంచి సన్నటి నాళం పైకొచ్చి, కొస దగ్గర ఒక్కసారిగా పళ్లెంలా విచ్చుకుంటుంది. ఐదు తమ్మెలు, గుండ్రంగా, అంచులు కాస్త ముడతలు పడి, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. పెద్ద పువ్వయితే రెండంగుళాల వెడల్పు. సరిగ్గా నడిమధ్య ఒక చిన్న రంధ్రం, దాని చుట్టూ తెల్లటి వలయం, కన్ను దిద్దినట్టు. ఆ రంధ్రం ఎంత సన్నమంటే గుండుసూది తల కూడా ఇరుక్కుంటూ వెళ్లాలి. కేసరాలు బయటికి ఒక్కటీ కనబడవు. బ్లేడుతో నాళాన్ని నిలువునా చీల్చి చూశాను. లోపల, సరిగ్గా గొంతు దగ్గర, నాలుగు కేసరాలు దాక్కుని ఉన్నాయి. రెండు కాస్త పొడుగు, రెండు పొట్టి.

నాలుగు! ఇక్కడే నేను ఎగిరి గంతేశాను. ఎందుకంటే ఇది వంకాయ కుటుంబం మొక్క. అవును, మన గుత్తి వంకాయకి, టమాటాకి, మిరపకి, బంగాళాదుంపకి, గుంటూరు పొగాకుకి, రోడ్డు పక్క ఉమ్మెత్తకి, పెరట్లో కామంచికి చుట్టమే. ఆ కుటుంబంలో మామూలు లెక్క ఐదు. వంకాయ పువ్వు తెచ్చి పక్కన పెట్టి చూడండి: అదీ ఊదాయే, దానికీ తమ్మెలు ఐదే, కానీ మధ్యలో ఐదు పచ్చటి కేసరాలు ఒక కొమ్ములా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి కొసన చిన్న చిల్లులు. తుమ్మెద వచ్చి వాటిని పట్టుకుని ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి ఉప్పు డబ్బాలోంచి రాలినట్టు రాలుతుంది. ఈ బ్రన్‌ఫెల్సియా ఆ బహిరంగ వ్యవహారమంతా మానేసి, సరుకు లోపల దాచి, చిన్న కిటికీ తెరిచి కూర్చుంది. పొడుగాటి తొండం ఉన్న సీతాకోకచిలుకల్లాంటివైతే ఆ కిటికీలోంచి సరిగ్గా తాగగలవు.

ఈ నాలుగు కేసరాల వల్లే పెద్ద పెద్ద వాళ్లు సైతం దీన్ని వేరే ఇంటి పిల్లగా లెక్కేశారు. 1846లో వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ బెంథామ్ దీన్ని మన నర్సరీల్లో డాగ్ ఫ్లవర్ అని అమ్మే స్నాప్‌డ్రాగన్‌ని అప్పట్లో చేర్చిన కుటుంబంలోనే పెట్టాడు. తర్వాత తిరిగి వంకాయ వాళ్లింటికి చేరింది. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక దగ్గరి బంధువులెవరో కూడా తేలింది. చలికాలంలో హైదరాబాద్ బాల్కనీలన్నీ నింపేసే పెటూనియా ఉంది చూశారూ, అది! ఈ రెంటినీ ఒకే తెగలో పెట్టారు. పెటూనియా గొట్టాన్ని, దీని గొట్టాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక మనకీ అందుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, రంగు. ఎండకి చీర వెలిసినట్టు పువ్వు వెలిసిపోతుందని అనుకోవడం సులువు. కాదట. ఇజ్రాయెల్ పరిశోధకులు ఈ పువ్వునే పట్టుకుని 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. రేకుల్లో కొత్త ప్రొటీన్లు తయారు కాకుండా మందు పెట్టి ఆపితే, రంగు పోవడం కూడా ఆగిపోయింది! అంటే ఊదా రంగు తనంతట తాను పోవడం లేదు. పువ్వు పనిగట్టుకుని, కొత్తగా సరంజామా తయారు చేసుకుని మరీ, తన రంగుని తానే విరిచి పారేస్తోంది. 2015లో ఆ పని చేసే ఎంజైమ్ కూడా దొరికింది. అది పెరాక్సిడేజ్ జాతిది. రేకు కణంలో రంగు నిల్వ ఉండే రిక్తికలోనే అదీ ఉంటుంది. ఇంటి దొంగే అన్నమాట.

ఆ రంగు ఆంథోసయనిన్లు అనే పదార్థాలది. వంకాయ తొక్కకి ఆ నిగారింపు ఇచ్చేవి కూడా ఆంథోసయనిన్లే. వంకాయ తన రంగుని భద్రంగా కాపాడుకుంటుంది, దీనికేమో మూడు రోజుల్లో వదిలించుకోవాలని తొందర. ఇంకో తమాషా: రంగు తగ్గుతున్న రోజుల్లోనే వాసన పెరుగుతుందని అదే బృందం చూపించింది. వెళ్లి వాసన చూశాను. నా ముక్కుకీ ముదురు ఊదా పువ్వు దగ్గర పెద్దగా ఏమీ తగల్లేదు. తెల్లవాటి దగ్గర మాత్రం మెత్తటి తీపి వాసన. మల్లెలా మీదపడే రకం కాదు, పక్కన నిలబడితేనే తెలుస్తుంది. అలా ఉండటమే నాకు నచ్చింది.

రంగు మార్చే పూలు మనకి కొత్తేం కాదు. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని, గులాబీ అయ్యి, ఎరుపెక్కుతుంది. అది నింపుకుంటూ పోతుంది, ఇది ఖాళీ చేసుకుంటూ వస్తుంది. బ్రెజిల్‌లో అయితే ఈ రెండు దారుల మొక్కలూ ఒకే అడవిలో ఉన్నాయి. అక్కడ అట్లాంటిక్ తీరం వెంబడి ఉన్న అడవి మన పౌసిఫ్లోరా పుట్టిల్లు. ఆ అడవిలోనే మనాకా దా సెర్రా అనే చెట్టు ఉంది, అది తెల్లగా పూసి ఊదా అవుతుంది. బ్రన్‌ఫెల్సియాలని కూడా అక్కడ మనాకా అనే పిలుస్తారు. ఒకటి ఊదా నుంచి తెలుపు, ఒకటి తెలుపు నుంచి ఊదా. ఆ అడవిలో నిలబడి రెండిటినీ చూడాలని నాకు ఇప్పట్నుంచే కోరికగా ఉంది.

సావోపాలో తోటల్లో దీన్ని పెంచుకునే వాళ్లకి ఇంకో వరం కూడా ఉంది. మెథోనా థెమిస్టో అనే సీతాకోకచిలుక ఈ మొక్క ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. నల్లటి ఒంటి మీద పసుపుపచ్చ పట్టీలున్న గొంగళిపురుగులు ఆకుల్ని కొరికేసి, అద్దంలాంటి పారదర్శకమైన రెక్కలతో ఎగిరిపోతాయి. అక్కడి వాళ్లు దాన్ని మనాకా సీతాకోకచిలుక అనే అంటారు. మన దగ్గర ఆ సీతాకోకచిలుక లేదు. పూలు మాత్రం వచ్చాయి, ఇంటికొచ్చే చుట్టం రాలేదు.

బ్రన్‌ఫెల్సియా ప్రజాతిలో యాభై దాకా జాతులున్నాయి. సగం దక్షిణ అమెరికాలో, సగం క్యూబా, జమైకా లాంటి కరీబియన్ దీవుల్లో. దీవుల వాటి తీరు పూర్తిగా వేరు: ఎక్కువగా తెల్లటి, పొడుగాటి గొట్టం పూలు, రాత్రి ఘుమఘుమలు, చీకట్లో తిరిగే పెద్ద చిమ్మటల కోసం. మొదట పేరు పెట్టించుకున్నవీ అవే. ఫ్రెంచి సన్యాసి షార్ల్ ప్లూమియే 1703లో ఆ పేరు పెట్టాడు. దేవగన్నేరుకి ప్లుమేరియా అనే పేరొచ్చింది ఈయన వల్లే. ఆయన ఎవరి పేరు పెట్టాడయ్యా అంటే ఒట్టో బ్రన్‌ఫెల్స్‌ది. ఈ జర్మన్ ఆయన 1534లో పోయాడు. మఠం విడిచి, మతం మార్చుకుని, వైద్యుడయ్యాడు. 1530లో ఆయన మొదలుపెట్టిన మూలికల పుస్తకానికి హన్స్ వైడిట్జ్ అనే చిత్రకారుడు బొమ్మలు వేశాడు. మొక్కని ఎదురుగా పెట్టుకుని, పురుగు కొట్టిన ఆకుని పురుగు కొట్టినట్టే, వాడిపోయిన రేకుని వాడినట్టే గీశాడు. అప్పటిదాకా పాత పుస్తకాల బొమ్మలే తిరగరాసుకుంటున్న యూరప్‌కి అది పెద్ద మార్పు. రోజుకో రూపం మారే పువ్వుకి ఆ పేరు కుదరడం యాదృచ్ఛికమే కానీ, భలే కుదిరింది.

దక్షిణ అమెరికా బ్రన్‌ఫెల్సియాల లెక్క తేల్చింది టిమొతీ ప్లౌమన్ అనే అమెరికన్. అమెజాన్ ప్రాంతంలో వైద్యులు దీని దగ్గరి చుట్టాన్ని, చిరిక్ సనాంగో అనే దాన్ని, మందుగా వాడతారు. తాగితే ఒళ్లంతా చలి, జివ్వుమని తిమ్మిర్లు. ప్లౌమన్ ఆ వైద్యుల వెంట తిరిగి, మొక్కలు సేకరించి, ఒక ఉపజాతికి తన గురువు షూల్టిస్ పేరు పెట్టుకున్నాడు. ప్లౌమన్ 1989లో చనిపోయాడు. ఆయన రాసిన పెద్ద గ్రంథం 1998లో అచ్చయింది.

చిరిక్ సనాంగో కథ విన్నాక అర్థమయ్యే ఉంటుంది, ఇది అమాయకపు మొక్క కాదు. వంకాయ వాళ్లింట్లో ఉమ్మెత్తలూ ఉంటాయి మరి. దీని కాయలు, గింజలు, ఆకులు అన్నీ విషమే. ముఖ్యంగా కుక్కలకి. కాయలు నమిలిన కుక్కలకి ఫిట్స్ వచ్చి ప్రాణం పోయిన సంఘటనలు ఆస్ట్రేలియాలో, అమెరికాలో పశువైద్యులు నమోదు చేశారు. బ్రన్‌ఫెల్సమిడిన్ అనే పదార్థం అందుకు కారణమని చెబుతారు. చిన్నపిల్లలున్న ఇంట్లో కూడా చేతికందే చోట పెట్టకూడదు. కాయ కట్టగానే తుంచేస్తే సగం భయం పోతుంది.

పెంచడం మరీ కష్టమేం కాదు కానీ దీనికి ఒక పట్టుదల ఉంది: నేల పుల్లగా ఉండాలి. అంటే ఆమ్లగుణం కావాలి. బోరునీళ్లు పోసే ఇళ్లలో కొన్నాళ్లకి ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము అందట్లేదని అర్థం. నర్సరీల్లో దొరికే ఐరన్ చిలేట్ వేసి, వానాకాలంలో వాననీళ్లు పట్టి పోస్తే కోలుకుంటుంది. ఆకుల ఎరువు, కొబ్బరిపొట్టు బాగా కలిపిన మట్టి దీనికి ఇష్టం. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ పడాలి. మే నెల ఎండలో నేరుగా పెడితే ఆకు అంచులు మాడతాయి. కొత్త చిగుళ్ల కొసలకే పూస్తుంది కాబట్టి పూత అయిపోగానే కత్తిరించాలి, పూతకి ముందు కత్తెర పట్టుకుంటే ఆ ఏటికి పూలు లేనట్టే. చలికాలం కాస్త గట్టిగా పడితే తర్వాత విరగబూస్తుంది. మదనపల్లె, హార్సిలీ హిల్స్ లాంటి చల్లటి చోట్ల ఉన్నవాళ్లు అదృష్టవంతులు. కోస్తాలో ఉక్కపోతకి నీడ చూసి పెట్టుకోవాలి.

కడియం వైపు వెళ్తే నర్సరీల్లో పేరు పట్టి అడగండి, ఎస్టర్‌డే టుడే టుమారో అంటే వాళ్లకి తెలుస్తుంది. ఆకులు చూసి కొనకండి, ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లి ముదురు ఊదా మొగ్గలున్న మొక్క చూసి తెచ్చుకోండి. తెచ్చిన రోజు ఒక గుత్తి ఎంచుకుని దానికి దారం కట్టి, మూడు రోజులు పొద్దున్నే ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. ఆ మూడు ఫోటోలూ నాకు తప్పకుండా పంపండి. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు మాత్రం ఈ మొక్క జోలికి పోకండి, పక్కింటి వాళ్లతో పెట్టించి గోడ మీంచి చూడండి.