నీటి నడుమ కొండ

సెలవులకు దీవి చూడాలని పిల్లలు పట్టుబట్టారు. అండమాన్ మనకు అయ్యే పనేనా? మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, అందరినీ లాంచీ ఎక్కించాను. కృష్ణ మీద చల్లగాలి తింటూ నాగార్జునకొండలో దిగాం.

1954–60 తవ్వకాల్లో లోయలో బయటపడ్డ ఇక్ష్వాకుల నాటి శిల్పాలను మ్యూజియంలో తనివితీరా చూసి, చెట్టునీడన పులిహోర పొట్లాలు విప్పాం. అమ్మ మాత్రం ముద్ద ముట్టక నీళ్లవంకే చూస్తున్నది.

"దీవి బాగుంది కదూ, నానమ్మా?" అన్నది మా అమ్మాయి.

"దీవి కాదే, కొండ. దీని కింద లోయలోనే మా ఊరు. డ్యాం కడుతుంటే రాతిబొమ్మల్ని కొండెక్కించారు. మేం బండ్లెక్కి పోయాం."

1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ సాగర్ నీళ్లతోనే మా నరసరావుపేట వైపు పొలాలు పండుతున్నాయి. ఆ మాట అమ్మతో అనబోయి, నోరు రాక ఊరుకున్నాను.

తిరుగు లాంచీలో పిల్లలు అల్లరి చేయలేదు.