నేలకు దగ్గరగా

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కుర్చీకి అతుక్కుపోయారంటే గ్రూప్స్‌కు చదువుతున్నారనే అర్థం. నేనేమో కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపి తొక్కుకుంటూ ఒంటరిగా విజయవాడ వెళ్దామనుకుంటున్నాను.

నా బండి రికంబెంట్ ట్రైక్, అంటే వాలి తొక్కే మూడు చక్రాల సైకిలు. దీనికి ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. నడుముకు హాయి. చిక్కల్లా ఎత్తుతోనే. లారీ డ్రైవరుకు కనబడాలని సీటు వెనక పొడవాటి పుల్లకు నారింజ రంగు జెండా కట్టాను. మూడు చక్రాలూ మూడు దారుల్లో పోతాయి. గుంతను ఒకటి తప్పించుకుంటే ఇంకొకటి దిగుతుంది. గొలుసు మామూలు సైకిలు కన్నా బాగా పొడవు. తెగితే అతకడానికి లింకులు, ట్యూబులు, గాలిపంపు సంచిలో సర్దాను.

ఎత్తు మాటకొస్తే, మన హైదరాబాద్‌లోనే 2005 జులై 1న సుధాకర్ యాదవ్ 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న ట్రైసైకిల్ తొక్కి గిన్నిస్‌కెక్కారు. నాది దానికి పూర్తిగా ఎదురు దారి. 1933లో సైక్లిస్టు ఫ్రాన్సిస్ ఫోర్ ఇలా వాలి తొక్కే సైకిలుపైనే గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లారు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం అలాంటి బళ్లను పందేల్లోంచి తప్పించింది.

నాకు పందెం లేదు. తెల్లారేసరికి హయత్‌నగర్ దాటితే చాలు. ఎత్తెక్కేటప్పుడు ఎంత నెమ్మదిగా పోయినా ఈ బండి తూలదు. చౌటుప్పల్‌లోనో సూర్యాపేటలోనో టీకి ఆగితే, "ఇదేం బండన్నా?" అనేవాళ్లకు జవాబు చెప్పాలి. ఆ సమయాన్నీ ప్రయాణంలోనే లెక్కేసుకున్నాను.