గేర్‌బాక్స్ దించకముందే తేల్చిన లెక్క

2023 వేసవిలో ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మా స్విఫ్ట్ డీజిల్ మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంజిన్ అరుపు పెరుగుతోంది తప్ప బండి లాగడం లేదు. పైకి చేరేసరికి కాలిన వాసన. మర్నాడు సర్వీస్ సెంటర్లో చూపిస్తే గంటలో ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. మొత్తం 38,400 రూపాయలు.

ఆ కాగితం పట్టుకుని మా బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. నేనైతే ముందు అడుగున ఉన్న మొత్తమే చూశాను. ఆయన దాని జోలికే పోలేదు. కళ్లజోడు సర్దుకుని ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు.

"ఏరా, గేర్‌బాక్స్ దించారా?"

"లేదు బాబాయ్, నడిపి చూశారంతే."

"మరి ఫ్లైవీల్ పోయిందని ఎలా చెప్పార్రా?"

ఫ్లైవీల్ అనేది ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యన ఉంటుంది. గేర్‌బాక్స్ కిందికి దిగి, క్లచ్ ప్లేటు ఊడదీస్తే గానీ దాని మొహం కనపడదు. అలాంటిదానికి 11,500 వేసేశారు. ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ శుద్ధి, అడుగున రస్ట్ కోటింగ్ అంటూ మరో మూడు వరుసలు. వీటిలో ఒక్కటీ నేను చెప్పిన కంప్లైంటు కాదు.

క్లచ్ సంగతి మాత్రం వాళ్లు చెప్పింది నిజమేనని బాబాయే తేల్చాడు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, కొంచెం రేజ్ చేస్తూ క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోవాలి. మాది గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది.

మళ్లీ సర్వీస్ సెంటర్‌కి ఇద్దరం వెళ్లాం. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. "ఈ రేట్లు ఎంఆర్‌పీలా బాబూ, లేక ఎంఆర్‌పీ మీద మళ్లీ జీఎస్టీ వేస్తారా?" అని అడిగాడు బాబాయి. ఎంఆర్‌పీలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయి కాబట్టి, పన్ను కలిపాక కూడా స్పేరు ధర డబ్బా మీద అచ్చేసిన అంకె దాటకూడదు. అప్పట్లో స్పేర్లకి 28 శాతం, లేబరుకి 18. (2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్లూ 18 కిందికే వచ్చాయి.) కుర్రాడు సిస్టంలో చూసి, ఎంఆర్‌పీ దాటదని చూపించాడు. అక్కడ మోసమేమీ లేదు. ఫ్లైవీల్ గురించి అడిగితే మాత్రం, "సేఫ్ సైడ్‌కి వేశాం సార్" అన్నాడు. బండి వారంటీలో ఉండి ఉంటే ఇంత వాదన పెట్టుకునేవాణ్ణి కాదు. తొమ్మిదేళ్ల బండికి ఎవరి సేఫ్ సైడో అర్థమైంది.

అక్కణ్ణుంచి ఆటోనగర్. ఈ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఫియట్ వాళ్లది. ఇండికా విస్టాలోనూ ఇదే కుటుంబం. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు మానేసింది గానీ ఆటోనగర్‌లో ఈ ఇంజిన్ తెలియని చెయ్యి లేదు. మొదటి షెడ్డులో ఆరున్నర వేలకి చేస్తానన్నాడు. నా మొహం వెలిగింది. బాబాయి, "ఏమేం మారుస్తావు?" అన్నాడు. ప్లేటొక్కటేనట. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ పాతవే. బాబాయి దండం పెట్టి బయటికి నడిచాడు. అసలు ఖర్చు గేర్‌బాక్స్ దించి ఎక్కించడంలోనే ఉంది. ఆర్నెల్లకి ఆ బేరింగ్ అరవడం మొదలుపెడితే అదే లేబరు మళ్లీ కట్టాలి. 38 వేల కన్నా ఆ ఆరున్నర వేలకే ఆయనకి ఎక్కువ కోపం వచ్చింది.

రెండో మేస్త్రి కాగితమే రాయలేదు. "క్లచ్ సెట్టు, బేరింగు, లేబరు కలిపి పన్నెండు వేల రెండొందలు గురువుగారూ. ఫ్లైవీల్ సంగతి దించాక మీ కళ్లతో చూద్దురు గాని" అన్నాడు. బాబాయి బేరమాడలేదు. ఏ చిన్న కొనుగోలుకైనా గంట బేరమాడే మనిషి!

బండి అక్కడే వదిలి ఇంటికొచ్చాం. మధ్యాహ్నం మేస్త్రి నుంచి ఫోనొచ్చింది, ఇంకొంత అవుతుందని. "చూశావా, మొదలెట్టాడు" అన్నాను. బాబాయి చొక్కా వేసుకుని పద అన్నాడు. ఫ్లైవీల్ మీద నల్లటి మచ్చలున్నాయి గానీ పగులు లేదు. లేత్ మీద ఫేసింగ్ కొట్టిస్తే 600తో పోతుంది. అయితే క్రాంక్ చివర సీలు దగ్గర ఆయిల్ చెమ్మ. మేస్త్రి గుడ్డతో తుడిచి, కాసేపాగి మళ్లీ వేలితో రాసి నాకు చూపించాడు. ఆ ఆయిల్ కొత్త ప్లేటు మీద పడితే పెట్టిన డబ్బంతా వృథా. సీలుకీ, గేర్ ఆయిల్‌కీ 1,400.

మొత్తం 14,200 అయింది. క్లచ్ డబ్బా మీది అంకె బాబాయి స్వయంగా చదివి, అరిగిన ప్లేటు గోనెసంచిలో వేయించుకున్నాడు. దాని మీద రివెట్ల తలలు తళతళలాడుతున్నాయి, పైన మెటీరియల్ అన్నదే లేదు. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్‌లో బ్రేక్ ప్యాడ్లు కూడా అయిపోయాయని రాశారు, అందుకని చక్రం విప్పి చూపించమన్నాను. సగానికి పైగా మందం ఉంది. వాటిని ఆ తర్వాతి సంక్రాంతికి మార్పించాం, అదే షెడ్డులో.