కింగ్ కోఠిలో ‘కె.కె.’ ఎవరు?

ఫ్లోరెన్సులో మెడిచీల భవనం మూల మీద వాళ్ల వంశచిహ్నం ఉంటుంది. రాతి డాలు, దాని నిండా గుండ్రటి బంతులు. 1659లో ఆ భవనాన్ని రిక్కార్డీలు కొనుక్కున్నారు, బంతులు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

మన ఆబిడ్స్ పక్కనా ఇదే కథ. కింగ్ కోఠి కట్టించింది నిజాం కాదు, కమాల్ ఖాన్ అనే ఆసామి. తలుపులకీ కిటికీలకీ తన పేరులోని ‘కె.కె.’ చెక్కించుకున్నాడు. తర్వాత అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది అయింది. పరాయివాడి పేరున్న తలుపుల మధ్య ఎలా ఉండటం? మార్పిస్తే ఖర్చు! ‘కె.కె. అంటే కింగ్ కోఠి’ అనిపించి పని కానిచ్చారంటారు. పొదుపులో ఆయన పేరు తెలిసినవాళ్లెవరైనా నమ్మేస్తారు.

ఫలక్‌నుమాలోనూ అంతే. ఇల్లు ఆరో నిజాం చేతికెళ్లినా, కట్టించిన వికార్ ఉల్ ఉమ్రా ‘వి.ఓ.’ చెరగలేదు.

1911లో గద్దెనెక్కాక కూడా ఏడో నిజాం కింగ్ కోఠి వదిలి చౌమహల్లా ప్యాలెస్‌కి మారలేదు. 1967 ఫిబ్రవరి 24న ఈ కోఠిలోనే పోయాడు. ఎదురుగా జూదీ మసీదులో సమాధి. అప్పట్లో కోఠి పరదా గేటుకి వేలాడే తెర ఎత్తి ఉంటే దొర బయటికెళ్లాడని జనానికి గుర్తు. స్టేటస్ అప్‌డేట్ అన్నమాట!

అర్ధచంద్రాకారపు కమాన్లు, కిటికీల మీద చెక్క నగిషీల చూర్లు... ఇంత పనితనం ఉన్న కోఠిలో ఒక భాగం ఆసుపత్రైంది, మిగతాది శిథిలమవుతోంది. ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు కొన్నాక, ఆ కమాన్లు, చూర్లు ఉండగానే అటు నడిచి చూసి రండి.