ముంబైలో బస: తమ్ముడికి రెండు ఉత్తరాలు

దాదర్, ముంబై
శనివారం

చి. తమ్ముడికి,

అమ్మానాన్నల్ని తీసుకుని డిసెంబరులో ముంబై వస్తానన్నావు గనక ఊరి విశేషాలకంటే ముందు బస సంగతి రాస్తున్నాను. తక్కువ అద్దెకు గది ఎక్కడ దొరుకుతుందని అడిగావు. ఈ ఊళ్లో అద్దె ఒక్కటే చూస్తే ఏది చవకో తేలదు. పొద్దున గది విడిచి రాత్రి తిరిగి చేరేదాకా అయ్యే ఖర్చునూ, పట్టే సమయాన్నీ అద్దెకు కలుపుకోవాలి. ముంబై ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నటి నేల. మీరు చూడాలనుకునే గేట్‌వే, మ్యూజియం, మెరీన్ డ్రైవ్ అన్నీ దక్షిణపు కొసనే ఉన్నాయి. గదుల అద్దెలు మాత్రం ఉత్తరానికి పోయేకొద్దీ, లేదా ఖాడీ అనే సముద్రపు పాయ దాటి నవీ ముంబై వైపు పోయేకొద్దీ తగ్గుతాయి. ఈ రెంటినీ కలిపేవి వెస్టర్న్, సెంట్రల్, హార్బర్ అనే మూడు లోకల్ రైలు మార్గాలు. వాటిలో వెస్టర్న్, సెంట్రల్ రెండూ కలిసే చోటు దాదర్. అందుకే గదిని దాదర్ స్టేషనుకు నడిచిపోగలిగినంత దూరంలో వెతకమంటాను. దక్షిణపు కొసనున్న కొలాబాలో ఉన్నంత అద్దె ఇక్కడ ఉండదు, నవీ ముంబై వైపున్న పన్వేల్ నుంచి వచ్చినంత ప్రయాణమూ ఉండదు.

లోకల్ టికెట్ కనీస ధర 5 రూపాయలేగా, దూరంగా ఉంటే నష్టమేమిటి అని నువ్వు అడగవచ్చు. ఒంటరిగా వచ్చే కుర్రాడైతే ఆ మాట నిజమే, వాడికి పన్వేల్ గది నిక్షేపంగా సరిపోతుంది. కానీ పన్వేల్ నుంచి దక్షిణాన ఉన్న సీఎస్ఎంటీ స్టేషనుకు లోకల్‌లో గంటంపావు పైనే పడుతుంది. పొద్దున ఆఫీసుల వేళ ఆ పెట్టెల్లోకి ఎక్కడం, దిగడం అమ్మ మోకాళ్లకు అయ్యే పని కాదు. రెండు రోజులకే విసిగి టాక్సీ పిలుస్తారు. 2025 ఫిబ్రవరి నుంచి నలుపు పసుపు రంగుల కాలీపీలీ టాక్సీకి మొదటి ఒకటిన్నర కిలోమీటర్లకు 31 రూపాయలు, ఆ పైన కిలోమీటరుకు 20 రూపాయల పైచిలుకు. అర్ధరాత్రి దాటితే దానిమీద మరో పాతిక శాతం. సీఎస్ఎంటీ దగ్గర్నుంచి నవీ ముంబైలోని వాషీ దాకా వెళ్లాలంటే మీటరు ప్రకారమే ఐదారు వందలవుతుంది. దూరపు గదిలో రోజుకు 600 మిగిలిందనుకో, ఒక్క సాయంత్రం టాక్సీ ఎక్కితే అది అక్కడికి చెల్లు.

ఇక నాన్నగారు తప్పకుండా అనే మాట: మనవాళ్లు అంతమంది ఉండగా లాడ్జి ఏమిట్రా అని. వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతాల్లో తెలంగాణ నుంచి బట్టల మిల్లుల్లో పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్న మాట వాస్తవమే. వాళ్ల ఆప్యాయతనూ నేను శంకించను. అయితే ఈ ఊళ్లో ఇల్లంటే ఎంతో నాన్నగారికి చెప్పు. వర్లీలో 1920లలో కట్టిన బీడీడీ చాళ్లు అనే వరుసగదుల భవనాల్లో ఒక కుటుంబం మొత్తానికి ఉన్న గది 160 చదరపు అడుగులు. వాటిని ఇప్పుడు కూల్చి 500 చదరపు అడుగుల ఇళ్లు కట్టిస్తున్నారు, అదే వాళ్లకు గొప్ప వెసులుబాటు. అలాంటి ఇంటికి నలుగురం పెట్టెలతో దిగితే ఇంటాయన వసారాలో పడుకుంటాడు, పిల్లల చదువు మూలన పడుతుంది, తెల్లవారి డ్యూటీకి పోవాల్సిన మనిషికి నిద్ర ఉండదు. మనకు మిగిలిన అద్దెను వాళ్ల చేత కట్టించినట్టే. ఒక పూట భోజనానికి వెళ్దాం, పళ్లు పట్టుకెళ్దాం. బస మాత్రం వేరే పెట్టుకుందాం.

ధర్మశాలల విషయంలోనూ నా అభిప్రాయం గట్టిదే. దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాల పేరు నీకు ఎవరైనా చెప్పవచ్చు. పరేల్‌లోని టాటా ఆసుపత్రికి దేశం నలుమూలల నుంచి వచ్చే క్యాన్సర్ రోగులకూ, వాళ్ల వెంట వచ్చినవాళ్లకూ అది ఆసరా. ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీదే రోజులు గడిపేవాళ్లున్న ఊళ్లో, ఊరు చూడ్డానికి వచ్చిన మనం అలాంటి చోట ఒక్క మంచం కూడా ఆశించకూడదు.

మీ అన్నయ్య


ఫోర్ట్, ముంబై
మంగళవారం

చి. తమ్ముడికి,

మొన్నటి ఉత్తరంలో రాయకుండా వదిలేసిన పెద్ద ఖర్చు ఒకటుంది. మన వైపు నుంచి వచ్చే హుస్సేన్‌సాగర్, కోణార్క్ రైళ్లు రెండూ తెల్లవారుజామునే ఇక్కడికి చేరుస్తాయి. చాలా హోటళ్లలో చెకౌట్ మధ్యాహ్నం 12 గంటలకు. ఉదయం ఐదింటికి గదిలో అడుగుపెడితే ఆ ఏడు గంటలకే ఒక రోజు అద్దె రాసేస్తారు. కాబట్టి 24 గంటల చెకౌట్ ఉందా అని ముందే అడుగు. లేకపోతే స్టేషన్ రిటైరింగ్ రూమ్ ప్రయత్నించు. ఖరారైన టికెట్ పీఎన్ఆర్ ఉంటే ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు, గరిష్ఠంగా 48 గంటలు ఉండనిస్తారు. ముంబై సెంట్రల్‌లో 2021 నవంబరులో పాడ్ హోటల్ తెరిచారు గానీ, అర లాంటి ఆ పడకల్లోకి నాన్నగారిని ఎక్కించలేం.

యాప్‌లో ఇంతకంటే చవకగా ఫొటోలతో సహా కనిపిస్తున్నాయని అంటావేమో. మొదట కనిపించే ధరలో చాలాసార్లు పన్ను కలవదు. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంతకుముందు 12. పన్నుకంటే ముఖ్యమైనవి ఫొటోలో కనపడని సంగతులు. చవక లాడ్జీల్లో పెద్ద గదిని చెక్కలతో విడదీసి రెండు మూడు చేస్తారు, అప్పుడు కిటికీ ఒక్క గదికే దక్కుతుంది. పాత భవనాల్లో లిఫ్ట్ ఉండకపోవచ్చు. వేణ్ణీళ్లు పొద్దున కాసేపే రావచ్చు. ఇవన్నీ ఫోన్ చేసి మేనేజరుని అడిగితేనే తెలుస్తాయి. విసుక్కుంటే విసుక్కోనీ. అలాంటి చోట అమ్మానాన్నల్ని ఉంచకపోవడమే మంచిది.

డిసెంబరు ఆఖరి వారం మాత్రం పెట్టుకోకు, కొత్త సంవత్సరం రద్దీకి అద్దెలన్నీ పైకి పోతాయి. రెండో వారానికి రానూ పోనూ టికెట్లు ఖరారు చేసి తేదీలు రాయి. అందరి ఆధార్ కార్డులూ అసలువే తీసుకురా. దాదర్‌లో లిఫ్ట్ ఉన్న రెండు లాడ్జీల ఫోన్ నంబర్లు విడిగా పంపుతున్నాను, నువ్వే మాట్లాడి చూడు.

మీ అన్నయ్య