తుంటి ఎక్కడుంది?

తుంటి నొస్తోందని నలుగురు అంటే నాలుగు చేతులు నాలుగు చోట్లకు పోతాయి. ఒకరు నడుము కింద చూపిస్తారు, ఇంకొకరు పిరుదు మీద, మరొకరు తొడ పక్కన, ఆఖరి మనిషి గజ్జల్లో. నాలుగింటికీ మనం వాడే మాట ఒకటే, వేసుకునే బిళ్లా ఒకటే. కానీ లోపల జరిగేది ఒకటి కాదు. బంతీ గిన్నె లాంటి అసలు తుంటి కీలు చెడితే నొప్పి ఎక్కువగా గజ్జల్లో తెలుస్తుంది, ఒక్కోసారి మోకాలి దాకా దిగి మోకాలి జబ్బేమో అనిపిస్తుంది. పిరుదులో మొదలై కాలి వెనకగా జారే నొప్పి చాలాసార్లు వెన్నుపూసల దగ్గర పుట్టినది. ఇక ప్యాంటు జేబు కుట్టు దగ్గర చేయి పెడితే తగిలే గట్టి ఎముక ముడి మీద నొప్పి ఉంటే, అది సాధారణంగా పిరుదు కండరాన్ని ఆ ముడికి కట్టే టెండాన్‌ది. బాగా నడిచే, పనిచేసే మనిషికి నెలల తరబడి తుంటి నొప్పి వదలకపోవడానికి పెద్ద కారణం ఈ చోటు తేలకుండానే వైద్యం మొదలుకావడమని నేను నమ్ముతున్నాను.

పాల్మాకుల స్టాప్‌లో, బెంగళూరు హైవే పక్కన, బస్సు కోసం నిలబడ్డవారిని ఒక్క నిమిషం చూడండి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల నిలబడి చేసే కొలువులు పెరిగాయి: సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, గోడౌన్లు, హోటళ్లు. షిఫ్టు దిగి అలసిన మనిషి బరువంతా ఒక కాలి మీద వేసి, ఆ పక్క తుంటిని బయటికి తోసి నిలబడతాడు. బిడ్డను చంకనేసుకున్న తల్లి నిలబడేదీ అలాగే. రామప్ప గుడిలో మదనికలు అదే ఒంపుతో 800 ఏళ్లుగా నిలబడి ఉన్నారు. రాతికి ఆ ఒంపు అందమే గానీ, కండ ఉన్న మనిషికి తుంటి అలా పక్కకు జారినప్పుడల్లా టెండాన్ ఎముక ముడికి ఒత్తుకుపోతుంది. మామూలుగా నడిచేటప్పుడే తుంటి కీలు మీద ఒంటి బరువుకు రెండున్నర రెట్ల దాకా ఒత్తిడి పడుతుంది. 60 కిలోల మనిషికి అంటే దాదాపు 150 కిలోలు. ఆ మోతను అడుగడుగునా పిరుదు కండరాలే సంభాళించాలి. అవి బలహీనపడితే నొప్పి ఎక్కడికీ పోదు.

అందుకే ఆ ముడి మీద వచ్చే పక్క నొప్పికి పూర్తి విశ్రాంతి సరిపడదు. పడుకున్న కండరం ఇంకా సన్నబడుతుంది, లేచిన రోజు పాత నొప్పే ఎదురవుతుంది. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇలాంటి నొప్పి ఉన్న 204 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎలా నిలబడాలో, ఎలా కూర్చోవాలో చెప్పి వ్యాయామం చేయించారు. రెండో గుంపుకు స్టెరాయిడ్ సూది వేశారు. మూడో గుంపును వేచి చూడమన్నారు. ఎనిమిది వారాలకు బాగా తగ్గిందన్నవారు మొదటి గుంపులో 77 శాతం, సూది గుంపులో 58 శాతం, మూడోదాంట్లో 29 శాతం. ఏడాది తిరిగేసరికి వేచి చూసినవారిలోనూ సగం మందికి తగ్గింది, మరి ఊరుకుంటే పోలేదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ఏడాదంతా ఒత్తిగిలి పడుకోలేక, మెట్లెక్కలేక గడపాల్సింది ఎవరు? నిలబడితేనే జీతం వచ్చే మనిషికి ఏడాది చిన్న గడువు కాదు.

మరి ముందుగా ఎమ్మారై తీయిస్తే అన్నీ తేలిపోవా? తేలకపోగా కొన్నిసార్లు భయం పెరుగుతుంది. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో తుంటి నొప్పే లేని 45 మందికి స్కాన్ తీస్తే, 69 శాతం మందికి కీలు గిన్నె అంచున ఉండే మెత్తటి రింగు చిరిగి కనిపించింది. నొప్పి లేనివాళ్లలోనే అన్ని చిరుగులుంటే, నొప్పి ఉన్న మనిషి రిపోర్టులోని చిరుగే దోషి అని వెంటనే తేల్చడం తొందరపాటు. ఆపరేషన్ వద్దని కాదు. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే 2018లో తుంటికి ఒక ఆపరేషన్, 2019 జనవరిలో లోహపు తొడుగుతో మరొకటి చేయించుకుని, అదే ఏడాది అక్టోబరులో యాంట్‌వర్ప్ టైటిల్ గెలిచాడు. అరిగిపోయిన కీలుకు కత్తి మేలు చేస్తుంది. కానీ స్కాన్‌లోని మచ్చ, వేలు చూపించే చోటు, నొప్పి వచ్చే వేళ ఈ మూడూ ఒకే కథ చెప్పాలి.

వ్యాయామమే మందని నేను అన్నది పక్క నొప్పి గురించి. గజ్జల్లో నొప్పికి అదే సలహా ప్రమాదం కావచ్చు.  మన ఇళ్లలో భోజనానికి, పూజకు నేల మీద కాళ్లు మడిచి కూర్చోవడం ఇంకా పోలేదు, అది ఒక విధంగా మన అదృష్టం. నిన్నటిదాకా సులువుగా మఠం వేసిన మనిషి ఇవాళ గజ్జల్లో నొప్పితో వేయలేకపోతే రోగం ఇంట్లోనే బయటపడుతుంది. రక్తం అందక తుంటి బంతిలో ఎముక చచ్చిపోవడం, డాక్టర్లు ఏవీఎన్ అనే జబ్బు, మన దేశంలో మంచి వయసువాళ్లకూ వస్తోంది. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, మితిమీరిన మద్యం, సికిల్ సెల్ వ్యాధి దానికి తెలిసిన కారణాలు. 2021లో ముంబై వైద్యులు కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడిన ముగ్గురిలో దీన్ని గుర్తించి రాశారు. మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగానే కనిపిస్తుంది, ఇక్కడ ఎమ్మారైని వాయిదా వేయకూడదు. పరుగు ఒక్కసారిగా పెంచినవారికి గజ్జల్లో నొప్పి మొదలై, అడుగు వేసేకొద్దీ పెరుగుతుంటే తొడ ఎముక మెడలో సన్నటి బీట పడి ఉండవచ్చు. అప్పుడు కాలు మోపడం ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. జ్వరంతో కలిసి వచ్చిన తుంటి నొప్పికీ అంతే.

మళ్లీ పక్క నొప్పికి వస్తే, వ్యాయామమంతా తీరిక ఉన్నవాళ్ల మాట, పన్నెండు గంటల డ్యూటీ మనిషికి ఫిజియోథెరపీ ఎక్కడిది అన్న అభ్యంతరం నాకు అన్నిటికంటే బరువుగా తోస్తుంది. సూది పది నిమిషాల పని, వ్యాయామం నెలల పని. అయినా ఇందులో సగం డ్యూటీలోనే జరిగిపోతుంది: నిలబడ్డప్పుడు రెండు పాదాల మీదా సమంగా బరువు వేయడం, కుర్చీలో కాలు మీద కాలు వేసుకోకపోవడం, బిడ్డను పక్కకు కాక గుండెకు ఆనించి ఎత్తుకోవడం. రాత్రి నొప్పి లేని వైపు తిరిగి మోకాళ్ల మధ్య ఒక దిండు. మిగతాది చాప మీద పది నిమిషాలు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు మెల్లగా పైకెత్తి దించడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా నిదానంగా లేవడం. చేసేటప్పుడు కాస్త నొస్తే బెదరక్కర్లేదు. తెల్లారి లేచేసరికి నొప్పి నిన్నటికంటే పెరిగితే, ఆ రోజు సగానికి తగ్గించి చేయాలి.