గుప్పెడు ఎర్రమట్టి

మే నెల ఆదివారం. సాయంత్రం నాలుగు దాటింది. విశాఖ నుంచి భీమిలి వెళ్లే సముద్ర తీరం రోడ్డు మీద ఆటో ఆగింది. రిటైరైన సైన్సు మాస్టారు, ఆయన పదేళ్ల మనవడు దిగారు. కుడివైపు సముద్రం. ఎడమవైపు సరుగుడు, జీడిమామిడి చెట్ల వెనక ఎర్రమట్టి దిబ్బలు... వాలుతున్న ఎండలో నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి.

ఉద్యోగంలో ఉన్నప్పుడు మాస్టారు పిల్లల్ని విహారయాత్రకు ఇక్కడికే తీసుకొచ్చేవారు. పులిహోర పొట్లాలు, వాగు దారుల్లో దాగుడుమూతలు, దిబ్బల అంచుల మీంచి కిందికి జారుడు ఆటలు. వెళ్లేటప్పుడు బడి ల్యాబుకోసం ఓ సీసా నిండా ఎర్ర ఇసుక. అలా ఎన్ని సీసాలు నింపారో ఆయనకే లెక్క లేదు. ఇప్పుడు మనవడి చేతిలోనూ ఓ ఖాళీ నీళ్ల సీసా ఉంది.

వాడు వంగి ఇసుక నింపుతుంటే వెనక నుంచి ఓ కేక.

''ఏటి బాబూ అది? ఆ మట్టి ఎత్తకండి!''

తాటిముంజలు అమ్ముకునే ఆవిడ. మాస్టారు కాస్త నొచ్చుకున్నారు. ''గుప్పెడు ఇసకేగా అమ్మా'' అన్నారు.

''వచ్చినోలందరూ గుప్పెడేనంటారు బాబూ. మరి మా పిల్లలకేటి మిగుల్తాది?''

మాస్టారు మాట్లాడలేదు. ఆ గుప్పెడు వెనక ఉన్న కథ ఆయన ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాసి చెప్పిందే. దాదాపు 20 వేల ఏళ్ల కిందటి మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా పడిపోయింది. నీరు వెనక్కి తగ్గి బయటపడిన ఇసుకను గాలులు ఒడ్డుకు ఎగరేసుకొచ్చి దిబ్బలుగా పోశాయి. తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన ఆ ఇసుకలోని ఇనుము, వేల ఏళ్లు గాలికీ వానకీ తుప్పుపట్టి ఎర్రబారింది. వాన నీళ్లు కోసుకుంటూ పోయి లోయల్ని చెక్కాయి. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో మళ్లీ తమిళనాడు తీరంలోనూ, శ్రీలంకలోనూ మాత్రమే చెప్పుకోదగ్గవి.

1886లోనే విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది. ప్రపంచ వారసత్వ హోదాకు అది తొలి మెట్టు.

ఇన్ని గుర్తింపులున్నా దిబ్బలకు నిశ్చింత లేదు. 2024 జులైలో ఆ ప్రాంతంలో యంత్రాలతో నేల చదును చేస్తున్నారని బయటపడి పెద్ద గొడవే అయింది. అధికారులు పనులు ఆపించారు. అయితే గీసిన హద్దు లోపలి దిబ్బకే రక్షణా? హద్దు బయట ఉన్న దిబ్బ దిబ్బ కాదా? గాలి ఇసుకను పోసినప్పుడు సర్వే నంబర్లు చూసి పోయలేదు కదా!

ఇలాంటి చోట్లకు మనకు తెలిసిన మందు ఒకటే... కంచె వేయడం, బోర్డు పెట్టడం. కానీ పొక్లెయిన్ చప్పుడు ముందు వినపడేది ఆఫీసులకు కాదు, పక్క పల్లెకు. ఏ వానకి ఏ గట్టు విరిగిందో, ఏ దారిన ట్రాక్టరు లోపలికొచ్చిందో రోజూ అటు తిరిగేవాళ్లకే తెలుస్తుంది. వేటకెళ్లే మత్స్యకారులు, జీడితోటల్లో పనిచేసేవాళ్లు, మేకలు తోలేవాళ్లు, ముంజలమ్మే ఇలాంటి అమ్మలు... కాపలాకు వీళ్లను మించినవాళ్లెవరు?

అయితే వాళ్లకూ అవసరాలున్నాయి. వంట చెరకు కావాలి. మేకలకు మేత కావాలి. ఫొటోలు దిగడానికి వచ్చే జనం ఉంటేనే అమ్మకాలు సాగుతాయి. దిబ్బల పక్కన స్థలాలున్నవాళ్లకు వాటి ధర మీద ఆశలుంటాయి. వీళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడకుండా కంచె వేస్తే, నిన్నటిదాకా దిబ్బను తమదనుకున్నవాళ్లకు అది పరాయిదైపోతుంది. పరాయిదాన్ని ఎవరు కాస్తారు?

స్థానికులను కలుపుకొని పోవడం ఈ తీరానికి కొత్తేమీ కాదు. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు విశాఖ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. కుక్కల పాలు కాకుండా ఆ గుడ్లను ఏరి, కంచె వేసిన ఇసుకలో భద్రంగా పాతిపెట్టి, సుమారు నెలన్నర తర్వాత పిల్లల్ని సముద్రంలోకి వదిలే పనిలో అటవీశాఖ తీరప్రాంతం వాళ్లనే పెట్టుకుంటోంది. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల సందర్శనలోనూ స్థానికుల కమిటీలకు పాత్ర ఉంది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గరా ఆ పని చేయొచ్చు. పల్లె యువకులకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి కాపలాదారులుగా, గైడ్లుగా పెట్టొచ్చు. నడవడానికి ఒకే దారి గుర్తించి, అంచులెక్కకుండా చూడమనొచ్చు. టిక్కెట్టు పెడితే అందులో కొంత ఆ ఊళ్ల నిధికి జమచేయొచ్చు. అన్నిటికంటే ముఖ్యం... ప్రణాళిక రాశాక చదివి వినిపించడం కాదు, రాసే ముందే అడగడం.

ముంజలు తింటూ మాస్టారు అడిగారు.

''మట్టి ఎత్తకూడదని నీకెవరు చెప్పారమ్మా?''

''ఎవులు సెప్తారు బాబూ! ఈ దిబ్బలుండబట్టే మా నూతిలో నీళ్లు తియ్యగున్నాయి. అది మా అత్త సెప్పేది.''

మాస్టారు ఉలిక్కిపడ్డారు. ఇసుక దిబ్బ వాన నీటిని పీల్చి భూమిలో దాస్తుంది. ఆ మంచినీటి ఒత్తిడే సముద్రపు ఉప్పునీరు లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. పిల్లలకు ఆయన మంచుయుగం గురించి చెప్పారు, ఇనుము గురించి చెప్పారు. నుయ్యి గురించి ఒక్కసారీ చెప్పలేదు.

''ఈ దిబ్బల కోసం ఆఫీసర్లు మీటింగులు పెడతారు కదా, నువ్వెప్పుడైనా వెళ్లావా?''

ఆవిడ నవ్వేసింది. ''మమ్మల్నెవులు పిలుత్తారు బాబూ?''

ఆటోవాడు హారన్ కొట్టాడు. మాస్టారు డబ్బులిచ్చి లేచారు. మనవడు అప్పటికే సీసాలోని ఇసుకను ఎత్తినచోటే వంపేస్తున్నాడు. అడుగున అంటుకున్న రేణువులు రాలిపోయేదాకా ఆయన వాడి పక్కనే నిలబడ్డారు.